వద్దాయన చూసిన బండి

మా మేనమామ మంచివాడు కాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు ఓ బెంగ తీరిపోతుంది. పైకి కటువుగా కనిపించే మనిషి లోపల వెన్నముద్ద అని చివర్లో తేలుతుందేమోనని ఎవరూ కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఆ ఇంటి మేడమీద గదిలో ఏళ్ళ తరబడి ఉంటున్నాను. వెన్న ఉంటే ఈపాటికి నా కంటపడేదే.

ఆయన పని సిలిండర్లు బోరింగ్ చేయడం. ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడి ఆడి సిలిండర్ లోపలి గోడను అరగదీస్తుంది. ఆ గోడను మిషన్ మీద వెంట్రుకవాసి చొప్పున గుండ్రంగా కోసి, కాస్త పెద్ద పిస్టన్ పట్టేలా చేస్తాడు. బస్సు డిపో వెనక గోడకు ఆనుకుని ఒంటి గది షాపు. షట్టర్ సగం వరకే లేస్తుంది, వచ్చినవాడు నడుం వంచి లోపలికి దూరాలి. బాగుచేయించమని అత్త ఎన్నిసార్లు పోరినా, "వంగితే వాళ్ళ సొమ్మేం పోతుంది?" అంటాడు. లోపల మిషన్, బెంచీ, కిరసనాయిలు డబ్బా, నల్లబడిన గుడ్డపీలికలు, మేకులకు వేలాడే కొలత గేజీలు. ఆయన కూర్చునే స్టూలు తప్ప ఇంకో స్టూలు లేదు. వచ్చినవాళ్ళు నిలబడే ఉండాలి.

ఊరంతా ఆయన్ని పిలిచే పేరు మాత్రం ఈ పని వల్ల వచ్చింది కాదు. ఊరి చుట్టూ మట్టిగుట్టలు, వదిలేసిన రాళ్ళ క్వారీలు. వాటి మీద ఎగరడానికి వయసులో ఉన్న ప్రతివాడికీ ఓ టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ కావాలి. మావాళ్ళు మట్టి బండి అంటారు. కొత్తది కొనే స్తోమత ఎవరికీ లేదు, అన్నీ నాలుగైదు చేతులు మారి వచ్చినవే. పాత బండి కొనేముందు మామను తీసుకెళ్ళి చూపించడం ఇక్కడ ఆనవాయితీ. ఆయన వస్తాడు, చూస్తాడు, చివరికి "వద్దు" అంటాడు. అలా వద్దాయన అయ్యాడు. ఇంటి తలుపు మీద అసలు పేరున్నా పోస్టు తెచ్చేవాడు కూడా "వద్దాయన ఇల్లు ఇదేనా?" అని అడుగుతాడు.

ఆ బళ్ళ దగ్గరికి ఆయన్ని తిప్పేది నేనే. నేను టైర్ల గోడౌన్‌లో పనిచేస్తాను. గదికి అద్దె ఇవ్వను, అద్దెకు బదులు నా స్కూటర్ మీద వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా మోస్తాను. దారి పొడుగునా వెనకనుంచి తిడుతూనే ఉంటాడు. క్లచ్ నొక్కడం రాదంటాడు, గేరు మార్చడం రాదంటాడు. ఆయన మాత్రం హ్యాండిల్ పట్టుకోడు. అదెందుకో తర్వాత చెబుతాను.

బండి చూసే తీరు ఒకసారి స్కూలు వ్యాన్ డ్రైవర్ ఇంట్లో దగ్గరుండి చూశాను. చెప్పిన టైముకంటే బాగా ముందే వెళ్ళాం. ఎప్పుడూ అంతే, అమ్మేవాడు సర్దుకోకముందే వాలిపోవాలి. గేటు తీసుకుని నేరుగా బండి దగ్గరికి నడిచి, చేతి వెనక భాగం సిలిండర్‌కు ఆనించాడు.

"వెచ్చగా ఉందేం?"

"ఇప్పుడే పాలప్యాకెట్టు కోసం వెళ్ళొచ్చానండి," అన్నాడు వ్యాన్ డ్రైవర్, లుంగీ సర్దుకుంటూ.

"పాలప్యాకెట్టుకి మట్టి బండేసుకుని వెళ్ళావా? గుట్టమీద గేదెనేమైనా వెంటాడావా?"

"అబద్ధమైతే నా నోట్లో పురుగులు పడతాయండీ."

"పడితే పడ్డాయి. నీ నోరు నేను కొనడం లేదు."

టూ-స్ట్రోక్ ఇంజన్ అసలు బుద్ధి చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. అరిగిపోయినదైతే చలికి మొండికేస్తుంది, కిక్కు కొట్టి కొట్టి కాలు పడిపోతుంది. ఒకసారి వేడెక్కితే అదే బండి మొదటి కిక్కుకే అందుకుని పెళ్ళికొడుకులా నిలబడుతుంది. అందుకే అమ్మేవాళ్ళంతా కొనేవాడు రాకముందే ఒకసారి తిప్పి ఉంచుతారు. చెయ్యి వెచ్చగా తగిలిందంటే మామ ఇంక మిగతావి చూడడు, తిరిగి స్కూటర్ ఎక్కేస్తాడు. ఆరోజూ ఎక్కేశాడు. కొనడానికి వచ్చినవాడు గేటు దగ్గరే నోరెళ్ళబెట్టుకుని ఉండిపోయాడు. వ్యాన్ డ్రైవర్ వీధి చివరిదాకా మా వెంట వచ్చి నోటికొచ్చింది తిట్టాడు. మామ వెనక కూర్చుని హాయిగా విన్నాడు. ఎవరైనా తనను తిడుతుంటే ఆయన ముఖంలో ఓ రకమైన కళ వస్తుంది.

చల్లగా ఉంటే అప్పుడు మొదలుపెడతాడు. బండిని పక్కకు వాల్చి ఇంజన్ కింద చాసిస్ గొట్టాల్ని తడుముతాడు. పాత బండిలో ఒక్కచోట మాత్రమే కొత్త రంగు ఉంటే దాని కింద పగులుంటుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి గొట్టం లోపల వేలు తిప్పుతాడు. వేలికి గరగరలాడే దుమ్ము అంటితే ఆ ఇంజన్ ఇన్నాళ్ళూ మట్టి తిని బతికిందని అర్థం. గేరు ఆయిల్ చుక్క తీసి వాసన చూస్తాడు. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు చేరాయి. స్క్రూల తలలు చెదిరి ఉంటే పనిరానివాడెవడో ముందే కెలికాడు. ఇవన్నీ ఆయన కొనేవాడికి నేర్పడు. ఏం చూశాడో చెప్పడు, ఎందుకు చూశాడో చెప్పడు. అమ్మేవాడి ముఖం మాడటం చూడటం కోసం చూస్తాడంతే. కొనేవాడు బాగుపడితే అది ఆయన తప్పు కాదు.

ఇంత విషం ఎక్కడిదో మా అత్త చెప్పింది. ఆవిడకు అదో నవ్వులాట కథ.

పెళ్ళైన కొత్తల్లో మామకు ఓ మట్టి బండి మీద మనసు పడింది. అమ్మింది తోడల్లుడే, అత్త అక్క మొగుడు. ఆయనకు పాత బళ్ళు కొని తుడిచి తళతళలాడించి అమ్మడం వ్యాపారం. భుజం మీద పసుపుపచ్చ గుడ్డ లేకుండా ఎవరూ చూడలేదు. ఆయన్ని అంతా పాలిష్ అంటారు. మామ అప్పటికే బోరింగ్ పనిలో ఉన్నాడు, పైగా కొత్త అల్లుడు. అత్తవారి వీధంతా చూస్తుండగా బండి చుట్టూ తిరిగి "బ్రహ్మాండం" అన్నాడు. ఇంజన్ వెచ్చగా ఉందో లేదో చూసుకోలేదు. ఆ సాయంత్రమే అదే వీధిలో ఎత్తు ఎక్కుతుండగా పిస్టన్ సిలిండర్‌ను పట్టేసింది. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. కొత్త అల్లుడు మురికికాలవలో పడ్డాడు. బావమరుదులు, మరదళ్ళు, ఎదురింటివాళ్ళు అందరూ బయటికొచ్చి చూశారు. పాలిష్ కాలవ గట్టున నిలబడి, "ఇంజన్లు కోసేవాడివి, నీకు తెలీదా?" అన్నాడట.

"ఆ మాటకి నవ్వనివాళ్ళు లేర్రా," అని అత్త ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంది. "నేను కూడా నవ్వాను. అదే ఆయన మర్చిపోలేదు."

ఆరోజునుంచి మామ హ్యాండిల్ పట్టి బండి నడపలేదు. ఆరోజునుంచి తోడల్లుళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోలేదు. అక్కాచెల్లెళ్ళు రోజూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకుంటారు, మగాళ్ళిద్దరూ ఒకే గదిలో కూర్చుని "ఆ ఉప్పు ఇటు ఇమ్మని ఆయనకు చెప్పు" అంటారు.

ఇలాంటి ఇంట్లో మామ కూతురు మట్టి బండి తొక్కడం నేర్చుకుంది. నాకు మరదలు. ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. సెలవుల్లో క్వారీలో ఉన్న రేసు క్లబ్బుకెళ్ళి వాళ్ళ బండి, వీళ్ళ బండి అడుక్కుని తొక్కేది. మగాళ్ళు బ్రేకు వేసే చోట ఈమె థ్రాటిల్ తిప్పుతుంది. క్లబ్బు కోచ్ పోటీ జట్టులోకి తీసుకుంటానన్నాడు, ఒక్క షరతు మీద. సొంత బండి ఉండాలి, ఆ ఆదివారం సాయంత్రంలోపు ట్రాక్ మీదికి తేవాలి. తేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ జట్టు కట్టేది ఏడాదికి.

అప్పటికే ఆమె వెతికి తెచ్చిన ప్రతి బండికీ మామ వద్దన్నాడు. కూతురు కాబట్టి కారణం మాత్రం చెప్పేవాడు. ఒకదానికి క్రాంక్ బేరింగ్ ఊగుతోందన్నాడు, ఒకదానికి వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ వదులన్నాడు, ఒకదాని యజమాని ముఖం బాలేదన్నాడు. ఆమె ప్రతిసారీ పళ్ళు నూరుకుని ఇంటికొచ్చేది. కానీ ఆయన మాట కాదని ఏదీ కొనలేదు.

"నీ డబ్బు, నీ బండి. ఆయన్ని అడగడం దేనికి?" అన్నాను ఓసారి.

"గాల్లో ఉండగా ఇంజన్ పట్టేస్తే మెడ విరిగేది నీకా నాకా, బావా?" అంది. "ఆయన పాపిష్టి మనిషే. కానీ ఇంజన్ విషయంలో తప్పు చెప్పగా నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు.

ఆదివారం పొద్దున ఆమె పెదనాన్న పాలిష్ షెడ్డుకెళ్ళి ఓ బండి చూసొచ్చింది. అదే చివరిదని, నాన్న వచ్చి చూడాల్సిందేనని గుమ్మంలో నిలబడి చెప్పింది. మామ ఒంటికాలి మీద లేచాడు.

"వాడి గడప నేను తొక్కను."

"తొక్కొద్దు. రోడ్డు మీదికి తెప్పిస్తాను. చూడు."

"చూడకుండానే చెబుతున్నా. వద్దు."

"చూసి వద్దను. చూడకుండా అంటే ఇవాళే కొనేస్తా."

మామ అత్తవైపు చూశాడు. అత్త చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ తలెత్తలేదు. నేను స్కూటర్ తీశాను.

పాలిష్ షెడ్డు ముందు బండి నిలబెట్టి ఉంది. చుట్టూ నలుగురూ పోగయ్యారు. వద్దాయన పాలిష్ బండి చూస్తాడన్న కబురు ఎలా పాకిందోగాని, వ్యాన్ డ్రైవర్ సైతం పనిమానుకుని వచ్చి గోడ మీద కూర్చున్నాడు. పాలిష్ ఇస్త్రీ చొక్కాలో, జుట్టుకు నిగనిగలాడే రంగుతో, భుజాన పసుపుపచ్చ గుడ్డతో షెడ్డు గుమ్మంలో ఉన్నాడు.

మామ చేతి వెనకవైపు సిలిండర్‌కు ఆనించాడు. మళ్ళీ ఆనించాడు. రాయిలా చల్లగా ఉంది.

"పాలకి వెళ్ళలేదేమోనండీ!" అని గోడ మీదనుంచి వ్యాన్ డ్రైవర్ అరిచాడు. అందరూ నవ్వారు.

మామ ఎవరివైపూ చూడకుండా పనిలో పడ్డాడు. బండిని వాల్చి చాసిస్ కింద తడిమాడు, అతుకేసిన రంగు లేదు. ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో వేలు తిప్పాడు, వేలు శుభ్రంగా వచ్చింది. ఓ పెట్టె తెప్పించి దాని మీద బండినెత్తి వెనక చక్రాన్ని అటూ ఇటూ లాగాడు. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పాడు, ఎక్కడా తట్టు తగల్లేదు. పక్క మూత తీయించి క్రాంక్ చివరను పట్టుకుని ఊపాడు, కదల్లేదు. గేరు ఆయిల్ వాసన చూశాడు. ఒక్కొక్కటి అయి ఆయన నడుం ఎత్తినప్పుడల్లా జనంలో గుసగుస పెరుగుతోంది. ఆయన మెడ ఎర్రబడుతోంది. మరదలు చేతులు కట్టుకుని ఆయన వెనకే నడుస్తోంది.

చివరికి కిక్ లివర్ మీద కాలు పెట్టాడు. కొట్టలేదు. ఒళ్ళంతా దాని మీద మోపి ఊరికే నిలబడ్డాడు. ఇది ఆయన చివరి పరీక్ష. ఇంజన్‌లో పట్టు లేకపోతే లివర్ కాలికింద కూలిపోతుంది, పట్టుంటే మనిషి బరువును మోస్తూ నెమ్మదిగా దిగుతుంది. అది దిగింది. చాలా నెమ్మదిగా దిగింది. మామ మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి కళ్ళు చిట్లించాడు.

"హెడ్ విప్పాలని ఆయనకు చెప్పు," అన్నాడు నాతో.

పాలిష్ కూడా నాతోనే అన్నాడు. "బండి కొనడానికొచ్చాడా, శవపరీక్షకొచ్చాడా? కనుక్కో."

"భయమైతే తాళమేసుకోమను."

"భయం నాకా? విప్పుకోమను. కానీ లోపల ఏ వంకా లేకపోతే మీ మామ ఇక్కడే, ఇందరిముందు, 'పాలిష్ బండి మంచిది, తీసుకో' అని కూతురికి నోటితో చెప్పాలి."

"చెబుతాడు," అంది మరదలు. మామ స్పానర్ నా చేతిలో పెట్టాడు.

నట్లు విప్పి, సిలిండర్ మీద మూతలా ఉండే హెడ్‌ని పక్కనపెట్టాను. మామ పిస్టన్‌ను కిందికి దించి, నన్ను టార్చి వెయ్యమని లోపలికి వంగాడు. టూ-స్ట్రోక్ సిలిండర్ గోడలో గాలీ పొగా పోవడానికి కిటికీల్లాంటి కంతలుంటాయి. బోరు కోసిన తర్వాత వాటి అంచులు పదునుగా మిగిలిపోతాయి, రింగు తట్టుకోకుండా చిన్న ఆకురాయితో అరగదియ్యాలి. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు. మామ వేలు ఆ అంచు మీద జారుతూ జారుతూ ఒకచోట ఆగిపోయింది. ఆకురాయి గుర్తు కింది మూల ఎడమవైపుకు వాలి ఉంది. షాపులో వందసార్లు చూసిన వాలు, నాకూ తెలిసింది. అది ఆయన చెయ్యే.

వేలు బయటికి తీసి, ఏమీ అంటకపోయినా ప్యాంటుకు తుడుచుకున్నాడు. పెట్టె మీద కూర్చున్నాడు.

"వద్దు," అన్నాడు.

షెడ్డు ముందు నవ్వుల మోత లేచింది. వ్యాన్ డ్రైవర్ గోడ మీదనుంచి పడబోయి సర్దుకున్నాడు.

"ఎందుకు?" అంది మరదలు.

"వద్దంటే వద్దు."

"ఏం కనిపించింది నాన్నా?"

"చైను సాగింది."

"చైను కొత్తది. కవరు నా ఎదురుగానే చింపారు."

"రంగు బాలేదు."

మళ్ళీ నవ్వులు. ఆమె నవ్వలేదు.

"ఇన్ని బళ్ళకి వద్దన్నావు. ప్రతిదానికీ ఏదో ఓ కారణం చెప్పావు, నేను నమ్మాను. దీనికి కారణం లేదు. దీనికున్న వంకల్లా పెదనాన్నే." పాలిష్ వైపు తిరిగింది. "హెడ్ బిగించండి. ఇప్పుడే ట్రాక్‌కి తీసుకెళ్తున్నా. సాయంత్రంలోపు పేరు రాయించుకోవాలి."

పాలిష్ గుడ్డతో చేతులు తుడుచుకుని నింపాదిగా వంగి హెడ్ అందుకున్నాడు. అప్పుడు మామ లేచి బండికీ ఆయనకూ మధ్య నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి తోడల్లుడి ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"బిగించకు. ఆ సిలిండర్ చెడగొట్టింది నేనే."

నవ్వుతున్నవాళ్ళు నవ్వుతున్నట్టే ఉండిపోయారు.

"పళ్ళబండివాడి చేత బోరింగ్‌కి పంపావు కదూ? వాడికి బండెక్కడిది, పళ్ళబండి తప్ప? చుట్టిన గుడ్డకి నీ పాలిష్ కంపు కొట్టింది. నీదని నాకు తెలుసు. తెలిసే బిగుతు కోశాను."

"బిగుతంటే?" అని ఎవరో అడిగారు.

"పిస్టన్‌కి ఉండాల్సిన ఖాళీ ఉంచలేదు. చల్లగా ఉన్నంతసేపూ ఇలాగే ఉంటుంది, కిక్కు గట్టిగా, శబ్దం మెత్తగా. ఎవడు చూసినా మెచ్చుకుంటాడు. బాగా వేడెక్కి ఫుల్ థ్రాటిల్‌లో ఎత్తెక్కేటప్పుడు పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. కొన్నవాడు పడాలి, లేచొచ్చి నీ చొక్కా పట్టుకోవాలి. అదీ నేననుకున్నది." ఊపిరి తీసుకున్నాడు. "కొనేది నా కూతురనుకోలేదు."

పాలిష్ వంగినవాడు నిటారుగా లేచాడు. హెడ్ చేతిలోనే ఉంది.

"ఈ ఊళ్ళో నీకంటే బాగా కోసేవాడు లేడనే నీకు పంపానురా," అన్నాడు. "అమ్మాయికోసం బండి తయారుచేస్తున్నా. నా పేరు చెబితే చెయ్యవని పళ్ళబండివాణ్ణి పట్టుకున్నా. ఆ ఒక్క సిలిండర్ నీ చేతిమీదుగా అయితే చాలనుకున్నా. థూ!"

అలా అంటూనే మామ చొక్కా పట్టుకున్నాడు. మామ కూడా ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా గుండీలు రాలాయి, పసుపు గుడ్డ కాళ్ళకింద పడి నలిగింది. పెద్దవాళ్ళు ఇద్దరూ ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ గుండ్రంగా తిరిగారు. ఎవరూ విడదీయలేదు. ఊరివాళ్ళకు మామ మీద ఎంత కసి ఉందో అప్పుడు తెలిసింది నాకు. ఒకడు "కొట్టండి పాలిష్ గారూ" అని కూడా అన్నాడు.

మరదలు వాళ్ళవైపు చూడనేలేదు. మోకాళ్ళ మీద కూర్చుని స్పానర్ తీసుకుంది.

"బావా, అటుపక్క నట్లు విప్పు."

సిలిండర్ ఊడదీసి చంకలో పెట్టుకుని లేచింది. "నాన్నా, షాపుకి నడువు."

బిగుతు కోసిన సిలిండర్‌ను బాగుచేయడం పెద్ద పనేం కాదు. ఎక్కువ కోసేస్తే మళ్ళీ పూడ్చలేరుగాని, తక్కువ కోసినదాన్ని ఇంకాస్త రాపిడి చేస్తే సరిపోతుంది. మామ చిరిగిన చొక్కాతోనే మిషన్ దగ్గర నిలబడి రాపిడి రాళ్ళు దించాడు, కిరసనాయిలు పోశాడు, తిప్పాడు, ఆపాడు.

"అయింది. పట్టుకెళ్ళు."

"గేజి ఇవ్వు."

"అయిందన్నాగా."

"నీ మాట నేనడగలేదు. గేజి ఇవ్వు."

మేకు మీదనుంచి ఆమే తీసుకుంది. పిస్టన్‌ను సిలిండర్‌లో దించి, పక్కనున్న సందులో పల్చటి రేకు దూర్చి చూసింది. పైన చూసింది, మధ్యలో చూసింది, అడుగున చూసింది. తిప్పి అడ్డంగా మళ్ళీ చూసింది. ఆయన తన మిషన్ పక్కనే చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆ షాపులో ఒకరి కొలత కోసం ఆయన ఎదురుచూడటం నేనెరగను.

"అడుగున ఇంకా పట్టుంది. మళ్ళీ చెయ్యి."

చేశాడు.

ఈలోగా షట్టర్ కింద కాళ్ళు పోగయ్యాయి. మొదట వంగి లోపలికొచ్చింది వ్యాన్ డ్రైవర్, చేతిలో సిలిండర్‌తో.

"ఇది కూడా నువ్వే కోశావు. కొలువు."

"నీదెందుకు చెడగొడతానురా? నీమీద నాకంత పగ లేదు."

"ఉందో లేదో కొలిచి చెప్పు."

అతని వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. కొందరు బండి బండినే నెట్టుకొచ్చారు. ఎన్నేళ్ళుగానో ఈయన కోసిన సిలిండర్లన్నీ ఒకేసారి అనుమానంలో పడ్డాయి. రెండు వీధుల అవతల ఇంకో బోరింగ్ షాపువాడు ఎదురుగా వచ్చి నిలబడి, మీసం మెలేస్తూ, "ఎవరికైనా తొందరుంటే ఇటు రండమ్మా" అని పిలవడం మొదలెట్టాడు. మామ కేకలేశాడు, వెళ్ళిపొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. ఒకరి తర్వాత ఒకరిది తీసుకుని కొలవడం తప్ప గతిలేకపోయింది.

నేనూ మరదలూ పాలిష్ షెడ్డులో ఇంజన్ బిగించాం. పాలిష్ గుండీల్లేని చొక్కాతో కుర్చీలో కూర్చుని, ఏ నట్టు ముందు బిగించాలో కోపంగా చెబుతూనే ఉన్నాడు. "ఎదురెదురువి బిగించు, వరసగా కాదు. మీ మామ ఆపాటి కూడా నేర్పలేదా?" అని నన్ను కసిరాడు. ఎండ వాలేసరికి క్వారీ చేరాం.

ఆమె నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి ఇంజన్ వేడెక్కనిచ్చింది. ఆ తర్వాత క్వారీ వెనకగోడలా నిలబడిన ఏటవాలుకి ఎదురుగా బండి తిప్పి థ్రాటిల్ పూర్తిగా లాగింది. పట్టేస్తే అక్కడే పట్టాలి. ఆ ఇంజన్ అరుపు నా పళ్ళల్లో వినపడింది. సగం ఎత్తులో శబ్దం కాస్త మారినట్టనిపించి అటువైపు పరుగందుకున్నాను. గేరు మార్చిందంతే. పైకెక్కింది, గట్టు అంచున గాల్లోకి లేచింది, అవతల దిగింది. ఆపకుండా మళ్ళీ మళ్ళీ ఎక్కింది. కోచ్ నోట్లో విజిల్ పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. ఆమె పేరు రాసుకున్నాడు.

తిరుగుదారిలో షాపు ముందు ఆపింది. లోపల మామ ఇంకా కొలుస్తూనే ఉన్నాడు. వ్యాన్ డ్రైవర్ తన సిలిండర్ బాగానే ఉందని తేలినా ఇంటికి పోకుండా మిగతావాళ్ళవి ఎలా తేలతాయో చూస్తూ ఆ ఒక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"పట్టలేదు మామా," అన్నాను. "జట్టులో తీసుకున్నారు."

తలెత్తలేదు. "ప్లగ్ రంగు చూశావా?"

"లేదు."

"మరి ఏం వెలగబెట్టడానికెళ్ళావు? బండి నడిస్తే ఇంజన్ బాగున్నట్టేనా? లోపల మంట ఎలా ఉందో ప్లగ్ చెబుతుంది, నీ మొహం చెప్పదు."

మరదలు నడుం వంచి లోపలికొచ్చింది. షాపు బయటే బండికి విప్పి, గుడ్డలో చుట్టి తెచ్చింది స్పార్క్ ప్లగ్. బెంచీ మీద ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి బల్బు కిందికి తీసుకెళ్ళాడు. తెల్లగా లేదు, మాడి నల్లగానూ లేదు. కొనంతా ఇటుకరాయి రంగు.

"బాగుంది," అన్నాడు. "పెట్రోలూ ఆయిలూ సరిగ్గా కలిపావు. ఖాళీ కూడా సరిపోయింది. ఇంక భయం లేదు, తొక్కుకో."

ఆమె చెయ్యి చాపి ప్లగ్ తీసుకుంది. గుడ్డలో చుట్టబోయి ఆగింది. తిరిగి, స్టూలు మీదున్న వ్యాన్ డ్రైవర్‌కి అందించింది.

"అన్నా, నువ్వు చూడు. నీకేమనిపిస్తోంది?"

వ్యాన్ డ్రైవర్ ముందు మామ ముఖం చూశాడు. తర్వాత కాలు మీద కాలేసుకుని, గొంతు సవరించుకుని, ప్లగ్‌ను బల్బు వెలుగులో అటు తిప్పి ఇటు తిప్పి, ఏమాత్రం తొందరపడకుండా చూడటం మొదలుపెట్టాడు. మామ చేతిలో ఎవరిదో సిలిండర్ పట్టుకుని, అతనేం చెబుతాడో అని నిలబడి ఉన్నాడు.